మెషీన్ కోసింది, మాస్టారు చెక్కారు: హైదరాబాద్‌లో గిటార్ చేయించుకున్న అనుభవం

2025 ఫిబ్రవరి చివరి వారంలో అడ్వాన్సు కట్టాను. మూడు నెలల్లో ఇస్తామన్నారు. గిటార్ చేతికి వచ్చేసరికి బతుకమ్మ, దసరా కూడా అయిపోయాయి. ఖర్చు ముప్పావు లక్ష దాటింది. హైదరాబాద్‌లో ఎలక్ట్రిక్ గిటార్ చేయించుకోవచ్చా, చేయిస్తే ఎంతవుతుంది, అంతా చేతిపనేనా అని అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

కొనుక్కోకుండా చేయించుకోవడానికి కారణం నా ఎడమ చెయ్యి. చిన్నది. దుకాణాల్లో నేను వాయించి చూసినవాటిలో చాలావరకు 648 మిల్లీమీటర్ల స్కేలువి, అంటే నట్ (తల దగ్గర తీగలు ఆనే చిన్న పట్టీ) నుంచి బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే చోటు) దాకా తీగ పొడవు అంత. మొదటి ఫ్రెట్ల (వేళ్లు పెట్టే చోట అడ్డంగా ఉండే లోహపు గీతలు) దగ్గర నాలుగు వేళ్లూ చాపి పట్టుకుంటే పది నిమిషాల్లో మణికట్టు లాగేస్తుంది. 628 స్కేలువి కూడా దొరుకుతాయి కానీ నేను చూసినవాటి నెక్‌లు, అంటే ఎడమ చేత్తో పట్టుకునే మెడలు, నా బొటనవేలికి లావు. తార్నాకలో మా ఇంటికి మరీ దూరం కాకుండా, మల్కాజ్‌గిరి లోపలి వీధిలో ఒక మాస్టారు గిటార్లు చేస్తారని విని వెళ్లాను. ఆయన మొదట ఫర్నిచర్ వడ్రంగి. చర్చిలో వాయించే పిల్లల గిటార్లు బాగుచేస్తూ చేస్తూ ఇందులోకి వచ్చారు. నా అరచెయ్యి ఇటూ అటూ తిప్పి చూసి, "చేద్దామమ్మా. కానీ మొత్తం నా చేత్తోనే చేస్తానని మాత్రం అనుకోకండి. బాడీ మెషీన్ మీద కోయిస్తాను" అన్నారు.

నాకది నచ్చలేదు. చేతిపనికి డబ్బు పోస్తూ మెషీన్ కోత ఎందుకు తీసుకోవాలని మొహమాటం లేకుండా అడిగాను. ఆయన అటక మీదనుంచి తన పాత బాడీ ఒకటి దించారు. నెక్ కూర్చునే గాడి అంచు ఒకచోట అలలా వంకర తిరిగి ఉంది. "చేతి రౌటర్‌తో కోసింది. చెక్కలో ముడి తగిలితే పనిముట్టు పక్కకు లాగుతుంది. ఈ పనిలో నా చెయ్యి అదనంగా చేసేది ఏమైనా ఉందంటే అది పొరపాటే" అన్నారు. సరేనన్నాను కానీ బస్సెక్కాక కూడా మనసు ఒప్పుకోలేదు.

క్యాలెండర్ కాగితం వెనక ఆయన రాసిచ్చిన లెక్క ఇప్పటికీ నా దగ్గరుంది. బాడీకి కేరళ మహాగని 4,500 రూపాయలు. నెక్‌కు కెనడా మేపుల్ 6,000. ఫింగర్‌బోర్డుకు, అంటే నెక్ మీద వేళ్లు నొక్కే పలకకు, రోజ్‌వుడ్ 1,800. డ్రాయింగును మెషీన్‌కు అర్థమయ్యే ఫైలుగా మార్చడానికి 6,000. కోతకు గంటకు 900 చొప్పున నాలుగు గంటలు. బ్రిడ్జి, ట్యూనింగ్ కీలు, ట్రస్ రాడ్ (నెక్ వంపును సరిచేసే లోపలి కడ్డీ), ఫ్రెట్ తీగ వగైరా 11,000. పికప్‌లు (తీగల కదలికను కరెంటు సంకేతంగా మార్చేవి) 7,500. పాలిష్ 6,500. ఆయన కూలి 28,000. అంటే మెషీన్ వైపు వెళ్లేది పదివేల లోపు. చేతులకు వెళ్లేది ముప్పై నాలుగున్నర వేలు. సగం అడ్వాన్సు, మిగతాది చివర్లో.

మార్చి అంతా డ్రాయింగుకే పోయింది. మెషీన్ అంటే త్వరగా అయిపోతుందని అనుకుంటాం, కానీ మెషీన్ దాకా వెళ్లకముందు కూర్చుని చేసే పనికే మూడు వారాలు పట్టింది. మాస్టారు చార్టు మీద పెన్సిల్‌తో గీసినదాన్ని ఒక ఇంజినీరింగ్ కుర్రాడు కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. ప్రతి మూలకూ ఒక అంకె కావాలి. ఇక్కడ గుండ్రం ఎంత, ఈ గుంత లోతు ఎంత, బిట్ (మెషీన్‌లో కోసే మొన) ఎటునుంచి రావాలి. మాస్టారికి చేతిలో ఉన్న సంగతులు నోట రావడం లేదు, ఆ కుర్రాడికి నోట చెబితే తప్ప తెలియదు. మధ్యలో నేను. ఫ్రెట్ల దూరాలతో మాత్రం ఏ గొడవా లేదు, అది పూర్తిగా లెక్క. స్కేలును 17.817తో భాగిస్తే మొదటి ఫ్రెట్ దూరం వస్తుంది. మిగిలిన పొడవును మళ్లీ అంతే భాగిస్తే రెండోది. నా గిటారుకు ఎంచుకున్న 628కి మొదటి ఫ్రెట్ 35.25 మి.మీ. దగ్గర, పన్నెండోది సరిగ్గా సగంలో 314 దగ్గర పడుతుంది.

మాసబ్‌ట్యాంక్ దగ్గర ఆర్కిటెక్చర్ విద్యార్థులు పెద్ద పెద్ద ప్లాన్లు ప్రింటు తీయించుకునే చోట నా డ్రాయింగు అసలు సైజులో తీయించాను. మాస్టారు దాన్ని చూడకముందే స్టీలు స్కేలు పెట్టారు. 628 ఉండాల్సింది 625 ఉంది. కాగితంలో పట్టడానికి ప్రింటరు దానంతట అదే కాస్త కుదించేసింది. మీరెవరైనా ఇలా తీయిస్తే డ్రాయింగు మూలలో 100 మి.మీ. గీత ఒకటి పెట్టించండి, దుకాణంలోనే కొలిచి చూసుకోవచ్చు.

ఏప్రిల్‌లో కోత కోసం తిరగడం మొదలైంది. బాలానగర్‌లో సీఎన్‌సీ మెషీన్లకు, అంటే కంప్యూటర్ నడిపే కోత మెషీన్లకు, కొదవ లేదు, మిల్లీమీటరులో నూరో వంతుకు పని చేస్తారు. కానీ అక్కడ చెక్క అనగానే తల అడ్డంగా ఊపారు. రంపపు పొట్టు కూలెంట్‌లో (మెషీన్‌ను చల్లబరిచే ద్రవంలో) కలిస్తే బురదవుతుందట, పంపులు మూసుకుపోతాయట. ఒకాయన మాత్రం "అల్యూమినియంలో చేయించుకోండి మేడమ్, ఎల్లుండికి ఇస్తాను" అన్నారు. నవ్వి వచ్చేశాను కానీ అది అంత వింత మాటేమీ కాదు. 1970లలో ట్రావిస్ బీన్ అనే అమెరికన్ సంస్థ అల్యూమినియం నెక్‌లతోనే గిటార్లు చేసింది.

చివరికి పని దొరికింది కుషాయిగూడ వైపు ఒక షెడ్డులో. అక్కడ చెక్కేది సింహద్వారాలు, పూజామందిరాలు. టేకు పలక మీద శంఖచక్రాలు, దాని పక్క మెషీన్ మీద వినాయకుడు. గృహప్రవేశాల సీజను కాబట్టి తలుపుల వెనక నా గిటారు వరసలో నిలబడింది, రెండు వారాల పైనే. ఆపరేటర్ మర్యాదస్థుడు కానీ తలుపు చెక్కేవారికి అర మిల్లీమీటరు లెక్కలోది కాదు. మాస్టారు అందుకే అసలు చెక్క ముట్టుకోనివ్వలేదు, ముందు ఎండీఎఫ్ (చెక్కపొడి నొక్కి చేసే పలక) ముక్క మీద కోయమన్నారు. దానికి అదనంగా రెండు గంటల బాడుగ నేనే ఇచ్చాను. ఇచ్చి మంచిపని చేశాను. నెక్ కూర్చునే గాడి ఇరుకుగా వచ్చింది. కారణం వెతికితే, ఆరు మిల్లీమీటర్లని రాసి ఉన్న బిట్‌ను సాన పట్టించి పట్టించి 5.8 చేశారు. మెషీన్‌కు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. అది ఆరే అనుకుని, చాలా కచ్చితంగా, తప్పుగా కోసింది.

మే నెల మధ్యలో అసలు కోత. రేకుల షెడ్డు, బయట నలభై డిగ్రీలు. బాడీ రెండు గంటల్లో అయిపోయింది. ఒకవైపు కోసి, మూలల్లో పిన్నులు పెట్టి తిరగేసి, రెండోవైపు కోశారు. చూస్తుండగా మహాగని పలకలోంచి గిటారు బయటపడుతుంటే, ఒప్పుకోవాలి, ఒళ్లు పులకరించింది. బస్సులో వచ్చిన అయిష్టం అక్కడ కొంత కరిగింది. ఫింగర్‌బోర్డు దగ్గర మాత్రం మెషీన్ చేతులెత్తేసింది. ఫ్రెట్ గాడి వెడల్పు అర మిల్లీమీటరు కన్నా కాస్త ఎక్కువ. అంత సన్నని బిట్ రోజ్‌వుడ్‌లో టక్కున విరిగింది. 700 రూపాయలు. ఇంకోటి వేస్తే అదీ విరిగింది. ఆపరేటర్ నావైపు, నేను మాస్టారి వైపు చూశాం. "లోతు వద్దు, గీత మాత్రం పెట్టి వదిలెయ్యి" అన్నారు ఆయన. ఎక్కడ కోయాలో మెషీన్ గీసింది, సన్న రంపంతో ఎంత లోతో ఆయన కోసుకున్నారు. నేను డబ్బిచ్చిన పనుల్లో ఇంతకన్నా తెలివైన పంపకం ఇంకోటి లేదు.

నెక్‌ను కావాలనే లావుగా, ఒకటిన్నర మిల్లీమీటరు ఎక్కువ ఉంచి కోయించారు. తరవాత దాన్ని షెడ్డులో వేలాడదీసి ఊరుకున్నారు. ఎందుకని అడిగితే, చెక్కలో బిగువు ఉంటుందట, కోసినప్పుడు అది వదులై నెక్ ఎటో ఒకటి వంగుతుందట. వంగేదాన్ని వంగనిచ్చి, ఆ తరవాత సరిచేయాలి. ఈ విశ్రాంతి చేతివాళ్ల చాదస్తం కాదు, పేరున్న ఫ్యాక్టరీల్లో కూడా నెక్‌ను ముందు లావుగా కోసి, ఆరనిచ్చి, మళ్లీ కోస్తారు. వారానికోసారి మాస్టారు నెక్‌ను తూకం వేసి, ఆ గ్రాములు చెక్క మీదే పెన్సిల్‌తో రాసేవారు. తూకం నిలకడగా ఉంటే తేమ నిలకడగా ఉన్నట్టు. కానీ ఆ సంవత్సరం మే నెలాఖరుకే వానలు దిగాయి. తూకం తగ్గాల్సింది పోయి పెరిగింది. రెండు వారాలనుకున్నది జులై దాకా సాగింది. ఫోను చేసినప్పుడల్లా "ఇంకా కదులుతోందమ్మా" అనేవారు. మా వారు ఆ మాటను పట్టుకుని, "ఇవాళ కదిలిందా?" అని భోజనాల దగ్గర అడగడం మొదలుపెట్టారు.

ఆ ఖాళీలో గిటార్ల చరిత్ర కొంత చదివాను. చేతిపని గురించి నాకున్న ఊహలు ఎక్కువగా ఇక్కడే సడలాయి. 1950లో వచ్చి, 1951లో టెలికాస్టర్ అనే పేరు స్థిరపడిన గిటారును రూపొందించిన లియో ఫెండర్ వాద్యాలు చెక్కే వంశం మనిషి కాదు, రేడియోలు బాగుచేసేవారు. గిటారు వాయించడం కూడా రాదు. బాడీ విడిగా, నెక్ విడిగా చేసి స్క్రూలతో బిగించేయడం ఆయన ఎంచుకున్న పద్ధతి. మొదటినుంచీ అది ఫ్యాక్టరీ కోసం పుట్టిన వాద్యం. అచ్చులు, రౌటర్లు, డ్రిల్లులు ఆనాడే ఉన్నాయి, కంప్యూటర్ ఒక్కటే లేదు. ఈనాడు లక్షలు పలికే ఆ పాత గిటార్లను "చేత్తో చేసినవి" అని గొప్పగా చెప్పుకునేవాళ్లను చూస్తే ఇప్పుడు నాకు నవ్వొస్తుంది. ఇంకో పక్క, చవక గిటారులో చేతిపని ఉండదనేది కూడా నిజం కాదు. ఇండోనేషియాలోనో చైనాలోనో మెషీన్ కోసిన బాడీని ఉప్పుకాగితంతో రుద్దేది, రంగు వేశాక మెరుగు పట్టేది, తీగలు బిగించేది మనుషులే. వాళ్ల పేరుతో గిటారు అమ్ముడుపోదు, అంతే.

జులై మొదట్లో నెక్ నిలకడపడింది. బాడీలో పెట్టి చూస్తే దూరలేదు. మే ఎండల్లో చక్కగా బిగుతుగా కూర్చున్నదే. వానకు రెండు చెక్కలూ ఉబ్బాయి, కానీ మేపుల్ మహాగని కన్నా ఎక్కువ ఉబ్బే రకం. తేడా మిల్లీమీటరులో మూడో వంతు ఉంటుందేమో. మెషీన్ ఇచ్చిన కొలత మే నెలకు సరైనది, జులైకి కాదు. మాస్టారు నెక్ మడమ (బాడీ గాడిలో కూర్చునే చివర) పక్కలకు బొగ్గుపొడి రాసి, గాడిలో నొక్కి, నల్లమచ్చ పడిన చోట మాత్రమే ఉలితో గీకారు. మళ్లీ నొక్కడం, మళ్లీ గీకడం. పూట గడిచేసరికి నెక్ స్క్రూలు లేకుండానే బాడీని పట్టుకుని వేలాడింది.

ఆ తరవాతి రెండు ఆదివారాలు నెక్ వెనకవైపు చెక్కడం. నేను రావాలన్నారు. నా కోసం ఒక స్టూలు వేశారు. పట్టుకోమంటారు, పట్టుకుంటాను. ఎక్కడ ఒత్తుతోంది అంటారు. బొటనవేలి మొదట్లో అంటాను. పెన్సిల్‌తో అక్కడ గీతలు గీసి, ముతక ఆకురాయితో నాలుగు పట్లు పట్టి మళ్లీ నా చేతికిస్తారు. మొదట్లో నాకు చెప్పడం చేతకాలేదు. లావంటానే గానీ ఎక్కడ లావో తెలియదు. మధ్యాహ్నానికి "ఐదో ఫ్రెట్ దగ్గర పైభుజం" అని చెప్పగలిగాను, భుజమంటే నెక్ వెనక గుండ్రం తిరిగే పక్క. చివర్లో కొలిస్తే మొదటి ఫ్రెట్ దగ్గర మందం 20 మి.మీ., పన్నెండో దగ్గర 22. ఇదే కొలతల నెక్ దుకాణంలో కూడా ఉంటుంది. కానీ మందం ఒకటే అయినా భుజాలు ఎంత తీసేశారన్న దాన్నిబట్టి చేతికి వేరేగా తగులుతుంది, ఆ సంగతి ఏ ప్రకటనలోనూ రాయరు. నేను అంత డబ్బు పెట్టింది ఈ రెండు ఆదివారాలకే అని ఇప్పటికీ అనుకుంటున్నాను. ఇరవై ఎనిమిది వేలూ దీనికే అన్నా బాధపడను.

పని ముగిశాక ఆయన అట్టముక్కలతో నెక్ వంపును మూడు చోట్ల అచ్చు తీసి దాచుకున్నారు. ఇక దీన్ని మెషీన్ మీద ఎన్నైనా కోయించవచ్చట. అమెరికన్ గిటార్ సంస్థ గిబ్సన్ వారు 1950ల నాటి తమ లెస్ పాల్ గిటార్లనే స్కాన్ చేసి కొత్తవి తీస్తున్నారని నేను చెబితే, "మరి? నేను అట్టతో చేస్తున్నది అదే కదమ్మా" అన్నారు.

ఫ్రెట్లు బిగించడం, సమం చేయడం జులై చివర్లో. ఫ్రెట్ల పైభాగాన మార్కర్ రంగు పూసి, సాపు పట్టీకి ఉప్పుకాగితం అంటించి నెమ్మదిగా రుద్దుతారు. రంగు పోని ఫ్రెట్ పల్లంలో ఉన్నట్టు. ఇక్కడ నాకో చిత్రమైన విషయం తెలిసింది. గిటారు పనుల్లో అతి నాజూకైనదని చెప్పుకునే ఈ పనికే జర్మన్లు ప్లెక్ అనే మెషీన్ చేశారు. తీగలు బిగించి ఉండగానే ఫ్రెట్ల ఎత్తును మిల్లీమీటరులో నూరో వంతుల దాకా కొలిచి, ఆ తరవాత తానే అరగదీస్తుంది, గిబ్సన్ ఫ్యాక్టరీలోనూ వాడతారు. మాస్టారికి దాని గురించి తెలుసు. రోషమేమీ లేదు. "నా దగ్గరుంటే ఈ పని దానికే ఇచ్చేవాణ్ని, నాకు నడుము నొప్పి తగ్గేది" అన్నారు. తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సందు కొలవడానికి ఆయన వాడేది రాణీగంజ్‌లో కొన్న ఫీలర్ గేజ్, బైకు మెకానిక్కులు ట్యాపెట్లకు వాడేదే.

నట్‌కు గేదె ఎముక వాడారు. మా అత్తగారు అది ఎముకని విని, గిటారును పూజగది గోడ వైపు ఆనించవద్దని షరతు పెట్టారు. ఆనించడం లేదు.

ఆగస్టు పూర్తిగా పాలిష్‌కు బలి. గాలిలో తేమ ఉన్నప్పుడు లక్కర్ (మెరుపు పూత) కొడితే పైన తెల్లగా మంచులా పొగచూరుతుంది, అందుకని వాన ఆగిన రోజే కొట్టాలి. ఆ ఆగస్టులో అలాంటి రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఒకసారి తొందరపడి కొట్టిన పూత తెల్లబారితే మొత్తం గీకేశారు. ఖర్చు ఆయనే భరించారు. నెక్‌కు మాత్రం లక్కర్ వద్దన్నాను, చెమట చేతికి జిగటగా ఉంటుంది. నూనె పూత వేశారు, ఏడాదికోసారి నేనే రాసుకోవాలి.

వైరింగు సెప్టెంబర్లో. కోఠి గుజరాతీ గల్లీలో 500 కే (కిలో ఓమ్‌ల) పాట్లు, అంటే వాల్యూమ్ తిప్పే బిరడాల కింద ఉండేవి, అడిగితే అన్నీ లీనియర్‌వే ఇస్తున్నారు. శబ్దం సమంగా తగ్గాలంటే ఆడియో టేపర్‌వి కావాలి, అక్షరం ఏ ఉన్నవి. అవి దొరికేదాకా ఐదారు కొట్లు ఎక్కి దిగాను. పికప్‌లు మెషీన్ చుట్టినవే తీసుకున్నాను. చేత్తో చుట్టినవాటికి దాదాపు రెట్టింపు అడిగారు, ఆ తేడా మా అపార్ట్‌మెంట్‌లో నేను పెట్టే వాల్యూమ్‌కు వినిపిస్తుందని నాకు నమ్మకం లేదు. పరీక్షించడానికి ఇంటికి తెచ్చి ఆంప్‌కు (శబ్దం పెంచే స్పీకరు పెట్టెకు) పెడితే బుర్రున మోత. గిటారులో లోపమని గాబరాపడ్డాం కానీ, మా గోడ ప్లగ్గుకు ఎర్తు తీగే లేదు. ఎలక్ట్రీషియన్‌కు 450.

అక్టోబరు రెండో వారంలో చివరి సెట్టింగు. నెక్ వంపు పావు మిల్లీమీటరుకు లోపు. పన్నెండో ఫ్రెట్ దగ్గర లావు తీగ ఎత్తు రెండు మి.మీ., సన్న తీగది ఒకటిన్నర. బరువు 3.4 కిలోలు. పది నిమిషాలు కాదు, గంట వాయించినా మణికట్టు మాట్లాడలేదు. మిగతా సొమ్ము ఇచ్చేశాను. చలికాలంలో గాలి పొడిబారి ఫింగర్‌బోర్డు ముడుచుకుంటే ఫ్రెట్ల అంచులు బయటికి పొడుచుకొస్తాయని, జనవరిలో ఒకసారి తీసుకురమ్మని చెప్పారు. మొదటి ఏడాది డబ్బు తీసుకోరట.

నా గిటారు చూసి ఆఫీసులో ఒకామె ఇదే నమూనా కావాలంది. తీసుకెళ్లాను. ఫైలు ఉంది, ఎండీఎఫ్ పరీక్ష అక్కర్లేదు, గాడి ఎంత వదులు పెట్టాలో తెలిసింది కాబట్టి ఆమెకు ఎనిమిది వేలు తక్కువ చెప్పారు, గడువు నాలుగు నెలలు, వానల్లో అయితే ఆరు. నెక్ కూడా నాదే కోయించేస్తే ఇంకా తగ్గుతుంది కదా అని ఆమె అడిగింది. మాస్టారు ఆమె చెయ్యి తిప్పి చూసి, ఆమెవి పొడవాటి వేళ్లని, కావాలంటే నా అచ్చే వాడి కూలి తగ్గిస్తానని, లేదంటే రెండు ఆదివారాలు రావాలని చెప్పారు. ఆమె ఇంకా తేల్చుకోలేదు.